85 ఎంఎం కొత్త లెన్సు: బొమ్మ బ్రహ్మాండం, పేచీ అంతా ఫోకస్‌తోనే

ముందే చెప్పేస్తున్నా, ఇది చెత్త లెన్సు కాదు. కిటికీ పక్కన కూర్చోబెట్టి ఎఫ్1.8 దగ్గరే, అంటే లెన్సు కన్ను పూర్తిగా తెరిచి తీసినా కనుబొమ్మ వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి, వెనక సీరియల్ లైట్లు గుండ్రంగా మెత్తగా కరిగిపోతున్నాయి, చర్మం రంగు కూడా పచ్చగానో గులాబీగానో పోకుండా ఉన్నది ఉన్నట్టే వస్తోంది. ఈ ధరకి ఇంత మంచి గాజు వస్తుందని కొన్నేళ్ల కిందట ఎవరైనా అంటే నమ్మేవాణ్ణి కాదు. నా గొడవంతా ఆటోఫోకస్‌తో, అదీ రోజంతా కాదు, పెళ్లిలో మళ్లీ ఒక్కసారి చేయండి అని అడగలేని ఘట్టాలు కొన్ని ఉంటాయి కదా, కరెక్టుగా వాటి దగ్గర.

నేను గుంటూరు, తెనాలి వైపు పెళ్లిళ్లు తీస్తాను. బాడీ, అంటే కెమెరా, సోనీ ఏ7 త్రీ. 2018లో వచ్చింది, పాతదే, అయినా నాకు అన్నం పెడుతున్నది అదే. లెన్సు మాత్రం సోనీది కాదు, బయటి కంపెనీది: ఫోకస్ జరపడానికి స్టెప్పింగ్ మోటారు, లోహపు ఒళ్లు, ఫర్మ్‌వేర్ (లెన్సు లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించడానికి చిన్న యూఎస్‌బీ-సీ రంధ్రం. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఒక్క పీసు చూసి మొత్తం కంపెనీకి ముద్ర వేయడం నాకిష్టం లేదు. పైగా ఇదే ధరలో ఇలాంటి 85లు ఇంకా ఉన్నాయి, ఏది కొనబోతున్నా మీరు చూసుకోవాల్సినవి ఇవే.

షాపులో అందరం చేసేది ఒకటే. లెన్సు తగిలించి ఎదురుగా ఉన్న షాపు కుర్రాడి మీద పెట్టి షట్టర్ సగం నొక్కుతాం, ఫోకస్ కుదిరిందని చెప్పే పచ్చ డబ్బా టక్కున వెలుగుతుంది, ఆహా అనుకుంటాం. "సోనీ దానికీ దీనికీ తేడా ఏం ఉండదన్నా, సగం రేటు" అని అతను అంటాడు. ట్యూబులైట్ల వెలుగులో, కదలకుండా నిలబడ్డ మనిషి మీద నిజంగానే తేడా ఉండదు. అక్కడ ఫెయిలయ్యే లెన్సు ఈ రోజుల్లో దాదాపు రాదు కూడా. అందుకని ఆ పరీక్షని లెక్కలోకి తీసుకోకండి.

ఇంటికొచ్చాక నేను చేసే పరీక్ష వేరే. గోడకి తగిలించే తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, తేదీ అంకెల కింద తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అని చీమల్లాంటి అక్షరాలు, అంతకంటే మంచి టెస్ట్ చార్ట్ లేదు. దాన్ని గోడకి నేరుగా కాకుండా కుర్చీకి ఆనించి ఒక పక్కకి వాలుగా పెట్టి, కెమెరా స్టాండు మీద రెండు మీటర్ల దూరంలో ఉంచి, మధ్య నిలువు వరుస మీద ఒకే పాయింటు పెట్టి తీయాలి. ప్రతి ఫొటోకి ముందు ఫోకస్ రింగు ఒకసారి పూర్తిగా దగ్గరికి, ఇంకోసారి పూర్తిగా దూరానికి తిప్పి వదిలేయాలి. కిటుకంతా ఇందులోనే ఉంది. దగ్గర నుంచి వచ్చినప్పుడు ఈ లెన్సు ప్రతిసారీ కరెక్టుగా బుధవారం మీదే ఆగింది. దూరం నుంచి వచ్చినప్పుడు మాత్రం మధ్యమధ్యలో గమ్యం చేరకముందే ఆగిపోతోంది. బుధవారం రాహుకాలం అలుక్కుపోయి, వెనకున్న గురువారం వర్జ్యం స్పష్టంగా చదవొచ్చు. పచ్చ డబ్బా మాత్రం రెండుసార్లూ ఒకేలా వెలుగుతుంది, అదే విసుగు.

ఈ మాట షాపులో చెబితే "మైక్రో అడ్జస్ట్‌మెంట్ చేసుకోండి సార్" అన్నారు. అది లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాల కాలం సలహా. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ కొలిచే సెన్సరు వేరు, బొమ్మ పడే సెన్సరు వేరు, అద్దం నుంచి ఒకదానికి, నేరుగా ఇంకోదానికి వెలుగు వెళ్తుంది కాబట్టి ఆ రెండు దారుల్లో వెంట్రుకవాసి తేడా ఉంటే ప్రతి ఫొటో ఒకే వైపు తప్పుతుంది, ప్లస్ ఐదో మైనస్ ఏడో పెట్టి సరిచేసుకునేవాళ్లం. నా ఏ7 త్రీ లాంటి అద్దం లేని మిర్రర్‌లెస్‌లో కొలిచేది బొమ్మ పడే సెన్సరే. అందుకే ఏ7 త్రీలో మైక్రో అడ్జస్ట్‌మెంట్ మెనూలో కనిపించినా అది అడాప్టర్ మీద పెట్టే పాత ఏ-మౌంట్ (సోనీ పాత రకం బిగింపు) లెన్సులకే పనిచేస్తుంది. అసలు ఈ లెన్సు తప్పు ఒకే వైపు ఒకే కొలతలో ఉండే తప్పు కూడా కాదు, ఒకసారి కరెక్టు ఒకసారి కాదు. దానికి ఏ నంబరు పెడతాం?

పగలు బయట అయితే ఏ ఇబ్బందీ లేదు. మంగళస్నానాల దగ్గర, పసుపు నీళ్లు ఎగజల్లుతూ పిల్లలు అరుస్తూ ఉన్నా కంటిని పట్టుకుని వదల్లేదు. ప్రీవెడ్డింగ్ అయితే ఇంకా హాయి, జంట మన మాట వింటుంది, పది సెకన్లు ఆగమంటే ఆగుతుంది. ఆ రెండిటికే లెన్సు కావాలనుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి కొనేసుకోవచ్చు.

అసలు సంగతి రాత్రి ముహూర్తంలో. మన వైపు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తారు, ఆమె చేతిలో కొబ్బరి బొండం. నేను మండపం మెట్ల దగ్గర వెనక్కి నడుస్తూ తీయాలి, బుట్ట నా వైపు వస్తోంది, పైకీ కిందికీ ఊగుతోంది, అటూ ఇటూ బంధువుల ఫోన్లు. కెమెరా పని ఏంటంటే ఈ క్షణంలో ఆమె ఎక్కడుందో కొలవడం, షట్టర్ తెరుచుకునేసరికి ఎక్కడ ఉంటుందో అంచనా వేసి లెన్సుకి అక్కడికి వెళ్లు అని చెప్పడం. లెన్సు ఆ మాట విని టైముకి అక్కడికి చేరాలి, చేరానని తిరిగి కరెక్టుగా చెప్పాలి. ఈ లెన్సు ఒక అడుగు వెనకే ఉంటోంది. ఒక వరుస ఫొటోల్లో పెళ్లికూతురి వెనకున్న మేనమామ మీసం కత్తిలా ఉంది, అమ్మాయి ముఖం మెత్తగా ఉంది. ఇంకో వరుసలో కొబ్బరి బొండం పీచు లెక్కపెట్టొచ్చు, కళ్లు మాత్రం లేవు. రెండు మీటర్ల దూరంలో 85 ఎంఎం ఎఫ్1.8 అంటే షార్ప్‌గా ఉండే మందం ముందూ వెనకా కలిపి ఆరు సెంటీమీటర్లే, నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు. బొండానికీ ముఖానికీ మధ్య దూరం అంతకంటే చాలా ఎక్కువ. నా రోజువారీ టామ్రాన్ 28-75తో ఇదే బాడీ మీద ఇదే ఘట్టం తీస్తే చాలా వరకు బతికిపోతాను. అది ఎఫ్2.8, మందం ఎక్కువ దొరుకుతుంది, అదొక కారణమే, కానీ దాని మోటారు కూడా చురుకైనది.

తర్వాత అడ్డుతెర. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు పూర్తిగా లెన్సుది కాదు. అందరికీ కావాల్సిన ఫొటో తెర మీంచి కనిపించే కళ్లు. తెల్లటి తెర, మధ్యలో కుంకుమతో స్వస్తిక్, పైఅంచు సరిగ్గా అడ్డంగా ఒక గీత. ఏ7 త్రీలో ఫోకస్ ఎటు, ఎంత జరగాలో కొలిచే ఫేజ్ డిటెక్షన్ పాయింట్లు 693 ఉన్నాయి కానీ అవి నిలువు గీతల్ని పట్టుకున్నంత బాగా అడ్డగీతల్ని పట్టుకోలేవు. కెమెరా అడ్డంగా పట్టుకుని ఆ తెర అంచు మీద పాయింటు పెడితే దానికి అక్కడ ఏమీ కనిపించదు, తెర గుడ్డ మీద పెడితే అసలే ఏమీ లేదు, తెల్లగా ఖాళీ. అప్పుడు కాంట్రాస్టు వెతుకులాట, అంటే లెన్సుని ముందుకీ వెనక్కీ జరిపి ఎక్కడ స్పష్టంగా ఉందో చూసుకోవడం, మొదలవుతుంది. మంచి మోటారున్న లెన్సయితే ఆ వెతుకులాట రెప్పపాటులో ముగుస్తుంది. ఇదేమో అతి దగ్గర నుంచి అనంతం దాకా మొత్తం ప్రయాణం చేసి వస్తుంది, ఫైండర్‌లో అంతా పాలలా అలుక్కుపోతుంది, ఆ లోపల జీలకర్ర బెల్లం పెట్టడం అయిపోతుంది, పంతులుగారు తెర తీసేయమంటారు. లెన్సు మీద ఎంత దూరం మధ్యే వెతకాలో హద్దు పెట్టే ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉండి ఉంటే సగం బాధ తప్పేది, లేదు. కెమెరాని నిలువుగా తిప్పితే, లేదా కొంచెం ఏటవాలుగా పట్టుకుని పాయింటుని పెళ్లికొడుకు బాసికం అంచు మీద పెడితే వెంటనే పట్టుకుంటోంది. ఈ చిట్కా ఏ లెన్సుకైనా పనికొస్తుంది.

తల వంచుకున్న పెళ్లికూతురు ఇంకో సమస్య. కళ్లు కిందికి వాలితే కంటి ఫోకస్ వదిలేస్తుంది, ముఖం వెతుకుతుంది, అదీ సగమే కనబడుతుంటే బాగా మెరిసేది ఏదైతే దాని మీదకి వెళ్తుంది. ఏది మెరుస్తుంది? పాపిడిబిళ్ల. పాపిడిబిళ్ల రాళ్లు అద్భుతంగా, ముక్కు చివర కొంచెం మెత్తగా ఉన్న ఫొటోలు నా దగ్గర బోలెడున్నాయి. ఆల్బమ్ సైజులో చాలామంది కనిపెట్టరు, 12x36 పేజీకి పెద్దది చేస్తే పెళ్లికూతురి అన్నయ్య కనిపెడతాడు, ఎప్పుడూ ఎవరో ఒక అన్నయ్య ఉంటాడు.

ఇక గట్టిమేళం, తాళి, తలంబ్రాలు. నలువైపుల నుంచి అక్షింతలు పడుతుంటాయి, నా వెనకున్నవాళ్లు విసిరేవి నా లెన్సు ముందు నుంచే వెళ్తాయి. ఫ్యాక్టరీ సెట్టింగులో ఉంచితే ఈ లెన్సు గాల్లో ఉన్న బియ్యం గింజ వెంట పడుతుంది, పట్టుకోలేక తిరిగొస్తుంది, ఆ తిరిగి రావడానికే టైము తినేస్తుంది. ఇక్కడ నాకు బాగా పనిచేసిన సెట్టింగులు చెబుతాను. ఏఎఫ్-సీలో, అంటే కదిలే మనిషి వెంట ఫోకస్ ఆగకుండా మారే పద్ధతిలో, ట్రాక్ సెన్సిటివిటీ అని 1 నుంచి 5 దాకా ఉంటుంది, మామూలుగా 3 మీద ఉంటుంది. దాన్ని 1కి, అంటే లాక్డ్ ఆన్‌కి తెస్తే ముందు నుంచి ఏదైనా దాటుకుని వెళ్లినా వెంటనే దాని మీదకి దూకదు. ఏఎఫ్-సీ ప్రయారిటీని బ్యాలెన్స్‌డ్ నుంచి ఏఎఫ్‌కి మార్చాను, ఫోకస్ కుదిరిందని తను అనుకునేదాకా షట్టర్ పడదు, కొన్ని ఫొటోలు తగ్గుతాయి కానీ పడ్డవాటిలో పనికొచ్చేవి పెరిగాయి. ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనక ఏఎఫ్-ఆన్ మీద పెట్టి, తలంబ్రాలు మొదలయ్యేలోపు ఒకసారి ఫోకస్ చేసి బొటనవేలు ఎత్తేయడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, పెళ్లికూతురు పెళ్లికొడుకు కూర్చునే ఉంటారు కాబట్టి ముందుకీ వెనక్కీ పెద్దగా కదలరు. ఎపర్చర్ (లెన్సు కన్ను) కూడా కొంచెం మూసి ఎఫ్2.8కి తెచ్చాను, ఆరు సెంటీమీటర్లు తొమ్మిది దాకా అవుతుంది, నాలాంటివాడికి ఆ మూడు సెంటీమీటర్లు ప్రాణం. ఎఫ్1.8 లెన్సు కొని 2.8లో తీయడమేంటి అని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే.

లెన్సుతోపాటు షాపువాళ్లు అంటగట్టిన చవక యూవీ ఫిల్టర్ని తీసి పక్కన పడేస్తే కొంత నయమైంది. ఇప్పుడు ప్రతి మండపం వెనకా ఎల్ఈడీ గోడ, నెత్తి మీద పార్ క్యాన్లు అనే స్టేజీ లైట్లు, ఆ ఎదురు వెలుగు ఫిల్టర్ గాజులో పడి ఫ్రేమంతా పొగ పట్టినట్టు తెల్లబడుతుంది, కాంట్రాస్టు పోతే ఫోకస్‌కి ఆధారం పోయినట్టే. పక్క వెలుగుని ఆపే హుడ్ లెన్సు ముందు తప్పకుండా పెట్టండి. ఇంకోటి, కెమెరా ముందు వెలిగే ఫోకస్ సహాయపు దీపం ఒక్కసారి ఫోకస్ చేసి ఆగిపోయే ఏఎఫ్-ఎస్‌లోనే పనిచేస్తుంది, ఏఎఫ్-సీలో పెట్టుకుని చీకట్లో దీపం ఎందుకు వెలగట్లేదని మా తమ్ముడొకడు కెమెరా సర్వీసుకి ఇవ్వబోయాడు.

ఫర్మ్‌వేర్ సంగతి. డబ్బాలో వచ్చిన వెర్షన్‌తోనే ఎవరూ తీర్పు చెప్పకండి. కెమెరా మెనూలో వెర్షన్ అనే చోట బాడీది, లెన్సుది రెండూ చూపిస్తుంది. కంపెనీ సైట్లో కొత్తది ఉంటే దించుకుని లెన్సుని యూఎస్‌బీతో కంప్యూటర్‌కి పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, ఫైలు అందులో వేయడమే. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో కాదు, డేటా వెళ్లే కేబుల్ కావాలి, అరగంట జుట్టు పీక్కునే ముందు అది చూసుకోండి. కొత్త వెర్షన్ వేశాక క్యాలెండర్ పరీక్షలో దూరం నుంచి వచ్చేటప్పటి తప్పు బాగా తగ్గింది, పాపిడిబిళ్ల గొడవ కొంచెం తగ్గింది, బుట్ట దగ్గర మాత్రం ఏ మార్పూ లేదు. అది మోటారు బలం, లోపల కదిలే గాజు బరువు, వీటికి సంబంధించింది అనుకుంటున్నా, ఫైలు మారిస్తే మారేది కాదు. సోనీ 2011లోనే ఇ-మౌంట్ (ఏ7 త్రీ లాంటి కెమెరాలకి లెన్సు బిగించే అమరిక) ప్రాథమిక వివరాలు బయటి కంపెనీలకి ఉచితంగా ఇస్తామని ప్రకటించింది, మనకి ఇన్ని చవక లెన్సులు రావడానికి అదొక కారణం. అయితే మౌంటు తెలిసినంత మాత్రాన సొంత లెన్సుకున్నంత చురుకు రావాలనేమీ లేదు.

వీడియోవాళ్లకి ఒక మాట. ఏ7 త్రీలో వీడియోకి కంటి ఫోకస్ లేదు, ముఖం వరకే. ఆ పరిధిలో ఈ లెన్సు నెమ్మదిగా, జారినట్టుగా ఫోకస్ మారుస్తుంది, రిసెప్షన్‌కి బాగానే ఉంటుంది. కానీ కెమెరా మీది మైకులో సన్నగా టిక్కుటిక్కు వినిపిస్తోంది. "అన్నా, ఆ పురుగు చప్పుడేంటి" అని మా ఎడిటర్ ఫోన్ చేశాడు. బాజాభజంత్రీలున్నంత సేపు ఎవరికీ వినబడదు, అప్పగింతల దగ్గర అందరూ నిశ్శబ్దంగా ఏడుస్తున్నప్పుడు వినబడుతుంది. విడిగా మైకు పెట్టుకోండి. చేత్తో ఫోకస్ తిప్పేవాళ్లకి ఇంకో సంగతి, రింగుకీ గాజుకీ నేరుగా లంకె లేదు, అంతా ఎలక్ట్రానిక్, వేగంగా తిప్పితే ఎక్కువ, మెల్లగా తిప్పితే తక్కువ జరుగుతుంది, ఇక్కడి నుంచి ఇక్కడికి అని గుర్తు పెట్టుకుని తిప్పడం కుదరదు.

సర్వీసు సెంటర్‌కి క్యాలెండర్ ఫొటోలు పంపితే వీడియో అడిగారు, వీడియో పంపితే లెన్సు పంపమన్నారు, పంపితే పరిమితుల్లోనే ఉంది అని చీటీ పెట్టి తిప్పి పంపారు. సీజన్ మధ్యలో ఇంతకంటే వాళ్లతో వాదించే ఓపిక లేకపోయింది. ఒకే మంచి పని, లెన్సు తుడిచి పంపారు.

పోల్చడానికి స్నేహితుడి సోనీ 85 ఎఫ్1.8 తెచ్చుకున్నా. 2017 నాటి లెన్సు, 371 గ్రాములు, పట్టుకుంటే ఏమీ లేనట్టుంటుంది. బొమ్మలో నాదే ఒక పిసరు బాగుంది, అంచుల్లోనూ, వెనకటి మసకలోనూ. జరీ అంచు మీద, మంగళసూత్రం మీద వచ్చే ఊదారంగు గీత సోనీ దాంట్లోనే కొంచెం ఎక్కువ. కానీ బుట్ట ఘట్టంలో రెండిటికీ పొంతన లేదు, సోనీది అమ్మాయి కళ్లని పట్టుకుని మెట్ల దాకా తీసుకొచ్చింది. పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కువ పెట్టిన డబ్బు ఎక్కడికి పోయిందో తెలిసింది, గాజులోకి కాదు, మోటారులోకి.

కాబట్టి నా మట్టుకు ఈ లెన్సు అమ్మను, ముహూర్తానికి వాడను. పెళ్లికూతురు ముస్తాబు, పసుపు, ప్రీవెడ్డింగ్, ఇంట్లో నెలల పిల్లల ఫొటోలు, రిసెప్షన్‌లో స్టేజీ మీద నిలబడ్డ జంట, వీటికి మొదట తీసేది దీన్నే. ఒకే బాడీ, ఒకే లెన్సుతో పెళ్లి మొత్తం తీసే కుర్రాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు, వాడిన సోనీ 85 దొరికితే అది చూసుకోండి లేదా మంచి 2.8 జూమ్‌తో ఇంకొన్నాళ్లు నెట్టుకురండి. కొనాలని తేల్చుకుంటే షాపులో కుర్రాడిని నిలబెట్టి కాకుండా మీ వైపు నడిచి రమ్మని తీయండి, ఏఎఫ్-సీలో, ఎఫ్1.8లో, వీలైతే షాపు బయట సాయంత్రం వీధి లైట్ల కింద, అక్కడే కెమెరా తెర మీద పూర్తిగా జూమ్ చేసి కళ్లు చూడండి. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, మార్పిడికి ఎన్ని రోజులు ఇస్తారో ఆ బిల్లు మీదే రాయమనండి, నోటిమాట అంటే వద్దని లేచి వచ్చేయండి.